ఎడమవైపు ఎవరు ఆడతారు?

మన తెలుగు సంఘం కుర్రాళ్లు ఒకరోజు కౌలాలంపూర్ బ్రిక్‌ఫీల్డ్స్‌లో మా ఇంటికొచ్చారు. "అంకుల్, ముప్పై ఏళ్లు పత్రికలో పనిచేశారు కదా, మెర్డేకా రోజుల గురించి ఏదైనా రాసివ్వండి" అన్నారు. మెర్డేకా అంటే మలయాకు స్వాతంత్ర్యం. ఆ రోజు పాత జెండా దిగి కొత్త జెండా ఎక్కడం నేను కళ్లారా చూసి ఉంటానని వాళ్ల ఆశ. నిజం చెబితే నీరుగారిపోతారు. ఆ రోజు నేను ఆఫీసులోనే ఉన్నాను. జలుబుతో ముక్కు తుడుచుకుంటూ ఓడల రాకపోకల పట్టిక దిద్దుతున్నాను. వీధిలో జనం కేకలు వేస్తుంటే, కిటికీ మూయమని విసుక్కున్నవాణ్ణి నేనే.

అంతకు రెండు వారాల ముందు వరకూ నేను ఓడల మనిషిని కాదు, ఫుట్‌బాల్ మనిషిని. అక్కణ్ణుంచి ఇక్కడికెలా వచ్చి పడ్డానో రాస్తాను. నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం. నేను చూసింది, విన్నది మాత్రమే రాస్తాను.

నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. కౌలాలంపూర్‌లో ఒక ఇంగ్లీషు పత్రికలో ప్రూఫులు దిద్దేవాణ్ణి. మా నాన్న ఎస్టేట్ గుమాస్తా కాబట్టి నాకు నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చాయి. ఆ ఏడు కాలేజీల కప్పు మొదలయ్యేసరికి స్పోర్ట్స్ ఎడిటర్‌కి ఒక ఆలోచన వచ్చింది. పెనాంగ్ నుంచి వచ్చిన చైనీస్ మనిషి ఆయన. వెలిగించని చుట్ట నోట్లో పెట్టుకుని, అక్కడి అలవాటు ప్రకారం మాట చివర 'లా' తగిలిస్తూ మాట్లాడేవాడు. ప్రతి శుక్రవారం, మర్నాటి మ్యాచ్‌లో మన ఊరి కాలేజీ తరఫున ముందు వరుసలో ఎవరు దిగుతారో, ఏ పద్ధతిలో దాడి చేస్తారో ముందే చెప్పే కాలమ్ ఒకటి వేద్దామన్నాడు. అప్పట్లో ముందు వరుసలో ఐదుగురు ఆడేవారు. ఇటు చివర రైట్ అవుట్, అటు చివర లెఫ్ట్ అవుట్, మధ్యలో ముగ్గురు. చివర ఉన్న ఇద్దరికీ బంతి ఎలా అందుతుందన్న దాన్నిబట్టే ఆట నడిచేది.

"నీకు ఫుట్‌బాల్ తెలుసా?" అని అడిగాడు.

"తెలుసు సార్" అన్నాను. మా ఎస్టేట్‌లో గోల్ కాపలాకి గోలీగా నిలబడ్డాను, అదీ ఎవరూ రానప్పుడు.

ఆ కాలేజీ ఊరికి పది మైళ్ల దూరంలో ఉండేది. మైదానానికి మూడు వైపులా కాలేజీ భవనాలు, ముళ్లకంచె. నాలుగోవైపు, అంటే ఎడమ గీత అవతల, ఒక చిన్న కాలవ, దాని వెనక రబ్బరు తోట. తోట వెనక కొండ, కొండ మీద అడవి. అడవిలోని కమ్యూనిస్టు గెరిల్లాలతో సర్కారు పోరాడుతున్న ఎమర్జెన్సీ రోజులు కాబట్టి సాయంత్రం ఆరు దాటాక కాలవ దగ్గరికి ఎవరూ వెళ్లకూడదు. బుధ, గురువారాల్లో నాలుగింటికి ప్రాక్టీసు. నేను బస్సెక్కి వెళ్లి చూసి, రాసుకుని వచ్చేవాణ్ణి.

చూస్తే ఏం లాభం? కోచ్ అక్కడ లెక్కల లెక్చరర్. సిలోన్ తమిళుడు, ఎప్పుడూ ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా. ప్రాక్టీసులో ఉన్న పదిహేనుమందినీ గంటకో చోట ఆడించేవాడు. రేపు ఎవరు దిగుతారో ఆటగాళ్లకే తెలిసేది కాదు. మొదటివారం నేను ఐదుగురిలో ఇద్దర్ని సరిగ్గా చెప్పాను. రెండోవారం ఒక్కణ్ణి. "నా పెళ్లాం కళ్లు మూసుకుని వేలు పెట్టినా ముగ్గురు తగులుతారు లా" అన్నాడు ఎడిటర్. నవ్వుతూనే అన్నాడు గానీ, మూడోవారం కూడా ఇలాగే ఉంటే మళ్లీ ప్రూఫులకే పొమ్మన్నాడు.

మూడోవారం గురువారం, గీత పక్కన గడ్డిలో కూర్చుని పేర్లు లెక్కపెట్టుకుంటున్నాను. గట్టిగానే లెక్కపెట్టినట్టున్నాను.

"మీరు తెలుగోలేటి బాబూ?"

వెనక్కి తిరిగాను. మైదానం చూసుకునే ముసలాయన. రోజూ చూస్తూనే ఉన్నాను, ఎప్పుడూ పలకరించలేదు. పొట్టిగా, నల్లగా, చేతులకు మోచేతుల దాకా సున్నం అంటుకుని ఉంది. గడ్డి కోయడం, వలలు కట్టడం, సున్నంతో గీతలు వేయడం ఆయన పని. శ్రీకాకుళం వైపు నుంచి పన్నెండేళ్ల వయసులో వాళ్ల నాన్నతో ఓడెక్కి వచ్చాడట. భార్య పోయింది. వలలు పెట్టుకునే షెడ్డు వెనక ఒక గదిలో ఒంటరిగా ఉంటున్నాడు. తెలుగు మాట వినబడక ఎన్నాళ్లయిందో, నన్ను పట్టుకుని గంటసేపు వదల్లేదు. ఆ రోజునుంచి నేను ఆయన్ని మావా అని పిలిచాను.

లేవబోతుంటే అడిగాను, ఊరికే. "శనివారం ఎవరాడతారో నీకేమైనా తెలుసా మావా?"

ఆయన వేళ్లు మడుస్తూ ఐదు పేర్లు చెప్పాడు. "బంతి ఎత్తి కొట్టరు బాబూ. కిందనించి ఇచ్చుకుంటా కుడేపు తోసీసి, ఒక్కపాలి ఎడమేపు ఇసురుతారు. అంతే."

"ఎవరు చెప్పారు?"

"ఆడు సెప్పినాడు."

అవే రాశాను. ఐదుకు ఐదు నిజమయ్యాయి. గోలు కూడా ఆయన చెప్పినట్టే ఎడమవైపు విసిరిన బంతితోనే పడింది.

తర్వాతి వారమూ అంతే. ఆ తర్వాతి వారమూ అంతే. కాఫీ షాపుల్లో శుక్రవారం పొద్దున్నే నా కాలమ్ పైకి చదివేవాళ్లు. పక్క పత్రికవాళ్లు నన్ను టీకి పిలిచారు. ఎడిటర్ ఒకరోజు ఆ చుట్ట వెలిగించాడు కూడా. నేను కొత్త బూట్లు కొనుక్కుని, మ్యాచ్‌లప్పుడు ముందు వరుసలో కూర్చోవడం మొదలుపెట్టాను. ఇదంతా ముసలాయన పుణ్యమని ఎవరికీ చెప్పలేదు. కోచ్ ఆయన దగ్గర నోరు జారుతున్నాడనే నా లెక్క. రోజంతా పక్కనే ఉండే మనిషి, ఇంగ్లీషు రానివాడు, ఎవరితోనూ మాట్లాడనివాడు. అలాంటివాడి దగ్గర ఎవరైనా మనసు విప్పుతారు.

ఒక విషయం మాత్రం చెవిలో ముల్లులా గుచ్చుకునేది. కోచ్ గురించి ఎప్పుడు మాట్లాడినా మావ "మాస్టరు ఒచ్చినారు, మాస్టరు కోప్పడినారు" అనేవాడు. ఆటగాళ్ల పేర్లు చెప్పేటప్పుడు మాత్రం "ఆడు సెప్పినాడు." చాటున అలా అంటాడులే అనుకుని ఊరుకున్నాను. తెలుగు తెలిసినవాణ్ణై ఉండి అంత తేలికగా ఊరుకోవలసింది కాదు.

ఒక బుధవారం ప్రాక్టీసు మధ్యలో విమానం వచ్చింది. కొండమీదుగా తక్కువ ఎత్తులో తిరుగుతూ, మైకులో మాట్లాడే విమానం. అడవిలో ఉన్నవాళ్లను బయటికి రమ్మని, లొంగిపోతే ఏమీ చేయమని ఒక ఆడగొంతు చైనీస్‌లో చెప్పేది. తర్వాత మలయ్, తర్వాత తమిళం. మనిషి కనబడకుండా ఆకాశంలోంచి మనుషులను పేరు పెట్టి పిలవడం వింటే, పట్టపగలు కూడా ఒళ్లు జలదరించేది. కుర్రాళ్లు ఆట ఆపేసి పైకి చూశారు. మావ ఒక్కడే పైకి చూడకుండా రబ్బరు తోటకేసి చూస్తున్నాడు.

"మన బాసలో ఒక్కపాలైనా పిలవనేదు బాబూ" అన్నాడు.

అప్పుడు నాకది మామూలు మాటలాగే వినిపించింది.

సెమీఫైనల్ ముందు గురువారం మావ చెప్పిన పేర్లలో రైట్ అవుట్‌కి సర్దార్‌జీల అబ్బాయి పేరు లేదు. జట్టులో అందరికంటే వేగంగా పరిగెత్తేది అతనే. ప్రాక్టీసులో నా కళ్లముందే గుర్రంలా పరిగెత్తుతున్నాడు. "అదేంటి మావా" అంటే, "ఆడికి ఒల్లు బాగోదు. పొట్టోడు ఆడతాడు" అన్నాడు. సందేహిస్తూనే పొట్టివాడి పేరు రాశాను. శనివారం మైదానంలోకి దిగింది పొట్టివాడే.

ఆట ముగిశాక కోచ్ నేరుగా నా దగ్గరికి వచ్చాడు. గెలిచిన మనిషి మొహంలా లేదది.

"తంబీ, ఎవరు చెబుతున్నారు నీకు?" తమిళంలోనే అడిగాడు.

"నా అంచనా సార్."

"సర్దార్ అబ్బాయికి జ్వరం తగిలింది ఈ రోజు తెల్లవారాక. నేను జట్టు మార్చింది తొమ్మిదింటికి. నీ పత్రిక అచ్చయింది నిన్న. ఏం అంచనా అది?"

"మీరే ఎవరితోనైనా అని ఉంటారు" అన్నాను.

"మ్యాచ్ రోజు పొద్దుటిదాకా నేను నాకే చెప్పుకోను. లెక్క తేలకముందు జవాబు పలికే అలవాటు నాకు లేదు" అని వెళ్లిపోయాడు.

బస్సులో కూర్చున్నాక మళ్లీ లెక్క వేసుకున్నాను. కోచ్ చెప్పలేదు. మరి చెబుతున్న 'ఆడు' ఎవడు?

తర్వాతి శనివారం ఫైనల్. గురువారం సాయంత్రం దాకా ఆగలేక ఆ పొద్దున్న మొదటి బస్సుకే వెళ్లాను. ఏడు కాలేదింకా. మంచు రబ్బరు తోటలోంచి కాలవ దాటి సగం మైదానాన్ని కప్పేసింది. గోలు కర్రలు పైన మాత్రమే కనిపిస్తున్నాయి. మావ గొంతు వినిపించి షెడ్డు దగ్గరే ఆగిపోయాను.

ఎడమ గీత వెంట వంగి, సున్నం డబ్బా లాగుతూ మెల్లగా నడుస్తున్నాడు. నడుస్తూ మాట్లాడుతున్నాడు. తనలో తాను గొణుక్కునే మనిషి మాట ఒకే దారిన పోతుంది. ఇది అలా లేదు. ఒక మాట అని ఆగుతున్నాడు. వింటున్నాడు. తల ఊపుతున్నాడు. "ఓర్నీ, అలగైతే గోలీ సూసీడూ?" అన్నాడు. మళ్లీ ఆగి, విని, నవ్వాడు. ఒక తండ్రి కొడుకు వేళాకోళానికి నవ్వినట్టుంది ఆ నవ్వు. ఆయన మొహం తిరిగి ఉన్న వైపు మంచు తప్ప ఏమీ లేదు.

నేను దగ్గినట్టు చేశాను. ఆయన ఉలిక్కిపడలేదు.

"ఎవరితో మాట్లాడుతున్నావు మావా?"

"ఎవరితోటీ నేదు బాబూ."

దగ్గరికి నడిచాను. అప్పుడే వేసిన గీత, సున్నం ఇంకా తడిగా మెరుస్తోంది. దాని మీద అడ్డంగా, ఏటవాలుగా, బూటు మేకుల గుర్తులు నాలుగైదు ఉన్నాయి. మావ ఎప్పుడూ వట్టి కాళ్లతోనే తిరిగేవాడు. నిన్నటి ప్రాక్టీసు గుర్తులై ఉంటాయని నాకు నేను చెప్పుకున్నాను. కానీ గుర్తులు సున్నం కింద లేవు, సున్నం మీద ఉన్నాయి.

అప్పుడే వెనక్కి వచ్చేసి ఉంటే బాగుండేది. నేను పుస్తకం తీశాను. భయం వేసింది, నిజమే. కానీ ఫైనల్ ముందు పేర్లు లేకుండా ఆఫీసుకు వెళ్లడం ఇంకా భయంగా అనిపించింది. ఆ వయసులో భయాలు అలాగే ఉంటాయి.

మావ నాలుగు పేర్లు చెప్పాడు. ఐదోది లెఫ్ట్ అవుట్. అక్కడ ఎప్పుడూ ఆడేది ఒక మలయ్ కుర్రాడు. మావ ఆ పేరు చెప్పలేదు. నేనెప్పుడూ వినని పేరు చెప్పాడు. అచ్చమైన తెలుగు పేరు.

"ఎవరితను? కొత్తవాడా?"

"ఆడే బాబూ. ఈపాలి ఆడే ఆడతానంతన్నాడు. అంతా ఎడమేపేనంట. గీతేపు ఎల్తున్నట్టు సూపించి, ఆగిపోయి, లోపలికి కోసుకుంటా ఎల్తాడు."

ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన కళ్లలో వెలుగు చూస్తే ఇంకేమీ అడగబుద్ధి కాలేదు. నిజానికి అడగాలని కూడా లేదు నాకు. ఆ కాలేజీ జట్టులో, అదీ ఫైనల్లో, మన తెలుగువాడొకడు ఆడబోతున్నాడన్న సంతోషం నా బుర్రను మింగేసింది. రెండో జట్టులోంచి తీసుకున్న కుర్రాడై ఉంటాడని నిర్ణయించేసుకున్నాను. ఎవరినీ అడిగి చూసుకోలేదు. పేరూ, ఆట తీరూ పెద్ద అక్షరాల్లో రాసిచ్చాను. శుక్రవారం పొద్దున్న అది అచ్చయింది.

పది గంటలకు కోచ్ మా ఆఫీసుకు వచ్చాడు. నలగని చొక్కా ఆ రోజు నలిగి ఉంది. నన్ను మెట్ల మీదికి తీసుకెళ్లి, పత్రిక మడత విప్పి, ఆ పేరు మీద వేలు పెట్టాడు.

"ఈ పేరు నీకు ఎవరిచ్చారు? నిజం చెప్పు తంబీ. ఇది ఆట కాదు."

చెప్పేశాను. మొదటి రోజునుంచి నిన్న పొద్దుటిదాకా, మొత్తం. ఆయన మెట్టు మీద కూలబడ్డాడు. లెక్కల మాస్టరు మెట్ల మీద కూర్చోవడం చూసి మా ఆఫీసు ప్యూన్ ఆగి చూశాడు.

"ఆ పేరు ముసలాయన కొడుకుది" అన్నాడు.

ఆ అబ్బాయి ఆ కాలేజీలోనే చదివాడు. చేర్పించింది కోచే. రెండేళ్లు లెఫ్ట్ అవుట్ ఆడాడు. గీత వెంట వెళ్తున్నట్టు చూపించి, టక్కున ఆగి, లోపలికి కోసుకుంటూ పోయేవాడట. ఎవరూ ఆపలేకపోయేవాళ్లట. మూడో ఏడు ఒక పొద్దున్న మంచం ఖాళీగా ఉంది. సింగపూర్‌లో పని దొరికి వెళ్లాడని ముసలాయన అందరికీ చెప్పాడు. కోచ్ ఇంకేమీ అడగలేదు. ఆ రోజుల్లో అలాంటివి అడిగేవాళ్లు కాదు.

తర్వాత రెండేళ్లకు ఒకరోజు పోలీసు స్టేషన్ ముందు టార్పాలిన్ మీద మూడు శవాలు పరిచారు. అడవి అంచున కాల్చి తెచ్చినవాళ్లు. చుట్టుపక్కలవాళ్లందరినీ వరసలో నిలబెట్టి, ఒక్కొక్కళ్లనీ చూపించి, తెలుసా అని అడిగారు. తెలుసంటే ఆ ఇంటివాళ్లందరినీ లోపల వేస్తారు, లేదా ఓడెక్కించి ఇండియాకు పంపేస్తారు.

"మూడోవాడి దగ్గర ముసలాయన నిలబడ్డాడు. చూశాడు. తెలీదన్నాడు. గొంతు వణకలేదు" అన్నాడు కోచ్. "ఆయన వెనక నిలబడింది నేను. నేనూ తెలీదన్నాను" అన్నాడు.

కోచ్ పత్రికలో ఆ పేరు మీద మళ్లీ వేలు పెట్టాడు.

"పోలీసుల కాగితాల్లో ఈ పేరు ఉందట, మొహం లేదు. ఆ శవానికి మొహం ఉంది, పేరు లేదు. నువ్వు ఆ పేరును తెచ్చి మా మైదానంలో నిలబెట్టావు. ఈ పొద్దున్న ఇన్‌స్పెక్టర్ ఫోన్ చేశాడు. రేపు మ్యాచ్‌కి వస్తానన్నాడు."

ఇద్దరం కలిసి ఒక అబద్ధం కట్టాం. కాలేజీ పాత జాబితా చూసి నేను పొరబాటున ఆ పేరు ఎక్కించాను. ఆ అబ్బాయి చదువు మానేసి ఎటో వెళ్లిపోయాడు, ఎక్కడున్నాడో తెలీదు. అంతే. ఎడిటర్‌కీ అదే చెప్పాను. ఆయన చుట్ట నోట్లోంచి తీసి బల్ల మీద పెట్టాడు. సోమవారం నుంచి ఓడల పట్టిక చూసుకోమన్నాడు. ఓడలు ఎప్పుడొస్తాయో కంపెనీవాళ్లే రాసి పంపుతారు, జోస్యంతో పని లేదు లా, అన్నాడు.

శనివారం మూడున్నరకు మైదానం నిండిపోయింది. ఇన్‌స్పెక్టర్ జీపు దిగి వచ్చాడు. మలయ్ మనిషి, నలభై ఏళ్లుంటాయి, మెత్తగా మాట్లాడేవాడు. నిద్రలేని కళ్లు. మేం చెప్పిందంతా విన్నాడు. నా పాత జాబితా కథ విని, "పొరబాట్లు జరుగుతాయి" అన్నాడు. కోచ్ ఊపిరి వదిలాడు.

ఇన్‌స్పెక్టర్ వెళ్లిపోబోతూ ఆగాడు. షెడ్డు ముందు మావ వల ముడి వేస్తున్నాడు.

"ఈ పక్‌చిక్ ఇక్కడ చాలాకాలంగా ఉన్నట్టున్నాడు" అన్నాడు. చిన్నాన్నా అని పిలిచినట్టు మర్యాదగానే అన్నాడు. దగ్గరికి వెళ్లి పత్రికలోని పేరు చదివి వినిపించి, మలయ్‌లో అడిగాడు. "ఈ అబ్బాయి మీకు తెలుసా?"

కొడుకు పేరు మరొకరి నోట ఎన్నాళ్లకు విన్నాడో. మావ చేతిలో ముడి అలాగే ఉండిపోయింది. మలయ్ ఆయనకు బాగా వచ్చు, నలభై ఏళ్లుగా మాట్లాడుతున్నాడు. కానీ తెలుగులో, నా వైపు చూసి అన్నాడు.

"నా కొడుకు బాబూ. ఆ దినం టేషను కాడ నానెరగనన్నాను. ఈపాలి అననేను."

ఇన్‌స్పెక్టర్ నా వైపు తిరిగాడు. "ఏమంటున్నాడు?"

ఆ మైదానంలో ఆ మాట అర్థమైంది మా ఇద్దరికే. "తెలీదంటున్నాడు. ఆ పేరే వినలేదట" అన్నాను.

మావ నన్ను చూశాడు. కోపం లేదు ఆ చూపులో. పసిపిల్లాణ్ణి చూసినట్టు చూశాడు. తర్వాత వల కింద పెట్టి, ఇన్‌స్పెక్టర్‌కి ఎదురుగా నిటారుగా నిలబడ్డాడు.

"అనక్ సాయా" అన్నాడు. నా బిడ్డ.

ఇన్‌స్పెక్టర్ టోపీ తీశాడు. ఎందుకు తీశాడో అతనికే తెలియదనుకుంటాను. కోచ్ ముందుకొచ్చి, "నేను కూడా ఆ రోజు..." అని ఏదో చెప్పబోయాడు. "మీరు మ్యాచ్ చూసుకోండి సార్" అని ఇన్‌స్పెక్టర్ ఆ మాట అక్కడే ఆపేశాడు. ఆ ఉపకారం ఎంత పెద్దదో కోచ్‌కు తెలుసు, నాకూ తెలుసు. మావను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని జీపులో తీసుకెళ్లాడు.

ఆట మొదలైంది. లెఫ్ట్ అవుట్‌గా మలయ్ కుర్రాడే దిగాడు. నా కాలమ్ అంతా తప్పని జనం నన్ను చూసి ఎగతాళి చేశారు. నేను వినే స్థితిలో లేను. కానీ ఆట అంతా ఎడమవైపే నడిచింది. కోచ్ అలా ఆడమనలేదు, తర్వాత ఒట్టేసి చెప్పాడు. బంతి ఎవరి కాలికి తగిలినా అటే వెళ్లేది. గీత వెంట ఎవరూ లేని చోటికి వెళ్లేది. అవతలి జట్టు డిఫెండర్ మూడుసార్లు ఎవరూ లేని వైపు అడ్డుపడ్డాడు. జనం నవ్వారు. మూడోసారి మలయ్ కుర్రాడు లోపలికి కోసుకుంటూ వెళ్లి గోలు వేశాడు. అతను అలా ఆడడం అంతకుముందు ఎవరూ చూడలేదు.

కప్పు చేతికొచ్చాక ఆ కుర్రాడు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. చెమటతో తడిసి ఉన్నాడు. సంతోషంగా లేడు.

"మీరు ముసలాయన భాష మాట్లాడతారు కదా? 'ఇటియ్యి' అంటే ఏమిటి?"

"ఇటు ఇవ్వు అని. ఎందుకు?"

"ఆట సేపూ గీత పక్కనుంచి ఎవరో అరుస్తూనే ఉన్నారు. మీరా?"

నేను మైదానానికి అవతలి వైపున, జనం మధ్య కూర్చున్నాను. పెదవి కదపలేదు. మావ అప్పటికి స్టేషన్‌లో ఉన్నాడు. రెండేళ్లుగా మావ దగ్గర తిరిగే కుర్రాడు, ఆ మాట ఎప్పుడో చెవిన పడి ఉంటుంది, అలసటలో గుర్తొచ్చి ఉంటుంది. ఇన్నేళ్లుగా నాకు నేను ఇదే చెప్పుకుంటున్నాను. అతనికి మాత్రం, "అవును, నేనే" అని చెప్పాను. నా అబద్ధాల్లో అదొక్కటే పనికొచ్చింది. కుర్రాడు తేలికపడి నవ్వాడు.

మావను మూడు రోజులు ఉంచుకుని వదిలేశారు. వారానికోసారి వచ్చి వేలిముద్ర వెయ్యమన్నారు. రెండు వారాల్లో జెండా మారింది. ఆఫీసుల్లో మనుషులు మారారు, ఫైళ్లు బీరువాలు మారాయి. తర్వాత ఆయన్ని ఎవరూ పిలవలేదు. కాలేజీవాళ్లు మాత్రం గది ఖాళీ చెయ్యమన్నారు. కోచ్ ఆయన్ని తన ఇంటికి తీసుకెళ్లి, పెరట్లో గది ఇచ్చాడు. చివరిదాకా అక్కడే ఉన్నాడు.

కొత్త నెల వచ్చాక ఇన్‌స్పెక్టర్ నుంచి నా పేర ఆఫీసుకు ఒక కవరు వచ్చింది. అందులో ఉత్తరం లేదు. ఒక శ్మశానం పేరు, ఒక నంబరు, అంతే.

ఆదివారం మధ్యాహ్నం మావను తీసుకెళ్లాను. పట్టణానికి దూరంగా, ఎవరూ అడగని శవాలను పూడ్చే చోటు. ఆ నంబరు రాసిన చెక్కముక్క వెతకడానికి గంట పట్టింది. మావ ఆ మట్టి పక్కన చతికిలబడ్డాడు. చాలాసేపు తల కాస్త పక్కకు వంచి కూర్చున్నాడు. నాకు భయం వేసింది. ఇప్పుడు తల ఊపుతాడేమో, నవ్వుతాడేమో అని ఆయన మొహమే చూస్తూ నిలబడ్డాను. ఎండ, గడ్డి మీద తూనీగలు. ఎక్కడా చప్పుడు లేదు.

"పలకడం నేదు బాబూ" అన్నాడు చివరికి.

"గ్రౌండ్‌లో అయితే పలుకుతాడేమో మావా. మాస్టారుని అడిగి ఒకరోజు పొద్దున్న వెళ్దామా?" అన్నాను.

"నేదు. ఆడూ రాడు." మట్టి మీద చెయ్యి పెట్టి లేచాడు. "ఆ దినం టేషను కాడ ఆడి మొకం సూసి ఎరగనన్నాను. అప్పట్నించీ రోజూ ఒచ్చినాడు. ఇప్పుడు నా కొడుకనేసినాను. ఆడు ఇన్నాడు. ఇంక ఆడికి ఏటి పని ఇక్కడ?"

తిరుగు బస్సును చెక్‌పోస్ట్ దగ్గర ఆపారు. స్వాతంత్ర్యం వచ్చినా ఎమర్జెన్సీ ఇంకా పోలేదు. అందరం దిగి, గుర్తింపు కార్డులు పట్టుకుని వరసలో నిలబడ్డాం. కానిస్టేబుల్ కొత్తవాడు, ఇంకా మీసం రాలేదు. మావ కార్డు తిప్పి చూసి, ఎక్కణ్ణుంచి వస్తున్నారని అడిగాడు.

నేను జవాబు చెప్పబోయాను. మావ నా చెయ్యి పట్టి ఆపాడు. వెనక ఉన్నవాళ్లందరికీ వినబడేంత గట్టిగా, మలయ్‌లో చెప్పాడు.

"మా అబ్బాయిని చూసి వస్తున్నాను."